యంత్ర మేధస్సు - జోస్యములు

పంచాంగములో రెండు విధములైన జోస్యములు కనబడును. గ్రహణము పట్టు వేళ, విడుచు వేళ ఒక విధము; ఆ యేటి వర్షములు, ఆదాయ వ్యయములు రెండవ విధము. మొదటిది లెక్క. రెండవది ఊహ. రెండును ఒకే పుస్తకమున అచ్చగుటచేత మొదటిదానికి గల గౌరవము రెండవదానికిని సంక్రమించును. యంత్రముల భవిష్యత్తును గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పు మాటలయందును ఈ రెండును కలిసియున్నవి. వానిని వేరుచేసి చూచుట మన కవసరము.

లెక్క వంటి జోస్యమును 1965లో అమెరికాలో గార్డన్ మూర్ అను శాస్త్రజ్ఞుడు చెప్పెను. ఒక్క సిలికాన్ పలుకుపై అమర్చు విద్యుత్ భాగముల సంఖ్య ఏటేట రెట్టింపగుచున్నదనియు, మరి పదేండ్లు ఇట్లే సాగగలదనియు ఆయన వ్రాసెను. 1975లో ఆ గడువును రెండేండ్లకు సవరించెను. 1971లో ఇంటెల్ సంస్థ విక్రయించిన మొదటి మైక్రోప్రాసెసర్‌లో ట్రాన్సిస్టర్లు సుమారు 2,300; నేటి పెద్ద చిప్‌లలో అవి వేల కోట్లు. అయినను ఇది గ్రహగతి వంటి ప్రకృతి ధర్మము కాదు. పరిశ్రమలు దీనినే లక్ష్యముగా పెట్టుకొని పనిచేయుటచేత చాలకాలము నిలిచినది; ఇటీవల ఆ వేగము తగ్గినది.

ఊహ వంటి జోస్యముల కథ వేరు. పదేండ్లలో కంప్యూటరు ప్రపంచ చదరంగ విజేత కాగలదని 1957లో హెర్బర్ట్ సైమన్ చెప్పెను. పట్టినది నలువదేండ్లు. 1997 మే నెలలో ఐ.బి.ఎం. వారి డీప్ బ్లూ యంత్రము కాస్పరోవును ఓడించినది. మనుష్యుడు చేయు ఏ పనినైనను ఇరువదేండ్లలో యంత్రము చేయగలదని అదే సైమన్ 1965లో వ్రాసెను. 1985 గడచినను అట్టి యంత్రము రాలేదు.

ఇంతటి పండితులు పొరబడుటకు కారణ మేమి? మనకు కష్టమైనది యంత్రమునకును కష్టమని, మనకు సులభమైనది దానికిని సులభమని తలచుటయే. పెద్ద గుణకారము మనకు కష్టము, యంత్రమునకు క్షణములో పని. ఏడాది పిల్ల గుంపులో తల్లిని గుర్తించును. అట్టి పని యంత్రమునకు నేర్పుటకు దశాబ్దములు పట్టినది. సూత్రములు వ్రాసి యిచ్చినంతకాలము అది సాధ్యపడలేదు. లక్షలకొలది చిత్రములు చూపి, తప్పినప్పుడెల్ల లోపలి సంఖ్యలను కొంచెము కొంచెముగా సవరించు పద్ధతి 2012లో ఘనవిజయము పొందినది. అందుకు వలసిన గణనశక్తిని సమకూర్చినది చిప్‌ల పెరుగుదలయే. 2022 నవంబరులో వెలువడిన చాట్‌జీపీటీకిని మూలము ఈ పద్ధతియే.

ఈ పద్ధతికి మూలపురుషులలో ఒకరు జెఫ్రీ హింటన్. 2024లో ఆయనకు భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించినది. ఎక్స్-రే వంటి చిత్రములను పరిశీలించు రేడియాలజిస్టులకు శిక్షణ ఇచ్చుట వెంటనే మానవలెననియు, ఐదేండ్లలో, మహా అయిన పదేండ్లలో, యంత్రము వారిని మించుననియు 2016లో ఆయన చెప్పెను. ఐదేండ్ల గడువు 2021తో తీరినది. ఆ వైద్యుల అవసరము తీరలేదు. కొన్ని రోగముల గుర్తులను యంత్రము చక్కగా పట్టుచున్న మాట నిజమే. కాని రేడియాలజిస్టు పని చిత్రము చూచుటతో ముగియదు. ఏ పరీక్ష కావలెనో నిర్ణయించును. పాత చిత్రములతో పోల్చును. చికిత్స చేయు వైద్యునితో సంప్రతించును. తన నివేదికకు బాధ్యత వహించును. హింటన్ జోస్యము ఒక పనిని గూర్చినది. ఆయన సలహా ఒక వృత్తిని గూర్చినది. ఆ సలహా విని ఆ చదువు మానుకొన్న విద్యార్థి యున్నచో, నష్టము విద్యార్థిదే.

పిల్లలు ఏ చదువు చదువవలెనని ఆలోచించు ప్రతి యింటికిని ఈ విషయము సంబంధించినదే. ఫలానా వృత్తి పదేండ్లలో అంతరించునను మాట విన్నప్పుడు రెండు ప్రశ్నలు వేయుడు. యంత్రము చేసి చూపినది ఆ వృత్తిలో ఏ పని? ఆ పని తీసివేసినచో మిగులు పనులెవ్వి? ఏమియు మిగులనిచో వేరు దారి చూచుకొనుటయే వివేకము. చాల మిగిలినచో ఆ చదువును మాననక్కరలేదు. దానితోపాటు ఆ యంత్రమును వాడుటయు, అది తప్పినప్పుడు కనిపెట్టుటయు పిల్లలకు నేర్పించుడు.