ఉమ్రా ప్రయాణం: ఖాఫిలాతోనా, స్వయంగానా?

రజబ్, షాబాన్ మాసాలు వచ్చాయంటే చాలు, మా మదర్సాకు వచ్చేవారి ప్రశ్నలు మారిపోతాయి. జకాత్, వారసత్వం మసాయిల్ పక్కకు జరిగి, "మౌలానా సాబ్, ఉమ్రాకు టూర్ వాళ్ళతో వెళ్ళమంటారా, మాకు మేమే వెళ్ళమంటారా?" అన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఒకప్పుడు ఈ ప్రశ్నకు తావే ఉండేది కాదు. ఏజెంటు చేతికి పాస్‌పోర్టు ఇవ్వడం, ఆయన చెప్పిన రోజున విమానాశ్రయానికి చేరడం, అంతే.

హజ్ విషయంలో నేటికీ ఎంపిక లేదు. మన దేశం నుండి వెళ్ళేవారు హజ్ కమిటీ ద్వారానో, ప్రభుత్వ అనుమతి పొందిన ప్రైవేటు నిర్వాహకుల ద్వారానో వెళ్ళవలసిందే. ఉమ్రా సంగతి వేరు. సౌదీ ప్రభుత్వం 2019లో పర్యాటక వీసాలను ప్రవేశపెట్టింది. షరతులు వర్తించే వారు హజ్ కాలం మినహా మిగతా రోజుల్లో ఆ వీసాతోనే ఉమ్రా చేసుకోవచ్చు. ఉమ్రా వీసా గడువు 2022లో 30 రోజుల నుండి 90 రోజులకు పెరిగింది. 2023లో 96 గంటల ట్రాన్సిట్ వీసా వచ్చింది. అమెరికాలోని కుమారుని వద్దకు వెళ్తూ జిద్దాలో ఆగి ఉమ్రా పూర్తి చేసుకున్న తల్లిదండ్రులను మేము ఎరుగుదుము. ఇక కరీంనగర్, నిజామాబాద్, కడప ప్రాంతాల నుండి వెళ్ళి రియాద్‌లోనో జిద్దాలోనో పనిచేస్తున్న బిడ్డలు అమ్మానాన్నలను కుటుంబ సందర్శన వీసాపై పిలిపించుకోవడం కూడా సాధారణమైంది. దారులు పెరిగాయి. నిబంధనలు మాత్రం తరచుగా మారుతుంటాయి కనుక, పోయిన ఏడాది వెళ్ళివచ్చిన బంధువు మాటపై ఆధారపడక, టికెట్టు కొనక ముందే ఈనాటి నియమాన్ని విచారించుకోవాలి.

స్వయంగా వెళ్ళడమే తవక్కుల్ అనీ, టూర్ వారిని ఆశ్రయించడం ధనవంతుల సుఖమనీ కొందరు యువకులు మాతో వాదిస్తారు. పూర్వం యెమన్ వాసులు కొందరు ప్రయాణ సామగ్రి లేకుండా, తాము అల్లాహ్‌పై భారం వేశామంటూ హజ్‌కు వచ్చి, మక్కాలో జనం ముందు చేయి చాచేవారు. ప్రయాణ సామగ్రి తీసుకుని బయలుదేరమన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం ఆ సందర్భంలోనే అవతరించిందని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) వివరించారు. ముగ్గురు ప్రయాణం చేస్తే ఒకరిని అమీరుగా నియమించుకోవాలని దైవప్రవక్త (స) ఉపదేశించారు. 1325లో టాంజియర్ నుండి ఒంటరిగా హజ్‌కు బయలుదేరిన ఇబ్నె బతూతా అంతటి సాహసి సైతం ట్యూనిస్ చేరాక ఒక ఖాఫిలాలో కలిశాడు. ఆ ఖాఫిలాకు ఆయనే ఖాజీ కూడా అయ్యాడు.

అయితే ఖాఫిలా నడిపేవారు ఎలా ఉండాలో కూడా మన పెద్దలు చూపి వెళ్ళారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ముబారక్ (రహ్మతుల్లాహి అలైహి) గురించి చరిత్రకారులు రాసిన సంగతి మేము విద్యార్థులకు ఏటా చెబుతుంటాము. హజ్ కాలం రాగానే మర్వ్ పట్టణంలోని సహచరులు ఆయనతో వస్తామనేవారు. వారి ఖర్చుల సొమ్మును తీసుకుని ఒక పెట్టెలో పెట్టి తాళం వేసేవారు. దారి పొడవునా మంచి భోజనం పెట్టేవారు. మదీనాలో, మక్కాలో ఒక్కొక్కరిని పిలిచి, ఇంటివారు ఏమేమి తెమ్మన్నారో అడిగి కొని ఇచ్చేవారు. స్వగ్రామం చేరాక విందు చేసి, ఆ పెట్టె తెరిచి, ఎవరి పేరు రాసిన సంచిని వారికి తిరిగి ఇచ్చివేసేవారు. నేటి నిర్వాహకుల నుండి అంతటి ఔదార్యాన్ని మనం కోరడం లేదు. వ్యాపారం ధర్మసమ్మతమే. తీసుకున్న సొమ్ముకు చెప్పిన సేవ అందాలన్నదే కోరిక.

అది అందని సందర్భాలు మా చెవిన పడుతూనే ఉన్నాయి. ఒక ఊరి నుండి ఒక వృద్ధ జంట యాభై మంది బృందంతో వెళ్ళారు. అంతమందికి తోడుగా వెళ్ళినది ఒకే ఒక్క యువకుడు. మొదటి తవాఫ్‌లోనే ఆ తల్లి జనంలో విడిపోయింది. హోటల్ పేరు తెలియదు, ఫోను భర్త జేబులో ఉంది. ఇషా నమాజు నుండి తహజ్జుద్ వేళ వరకు ఒక ద్వారం దగ్గర కూర్చుని ఏడ్చింది. ఇంకొక ఊరి అన్నదమ్ములు టూర్ ఖర్చు ఎక్కువని భార్యాబిడ్డలతో స్వయంగా బయలుదేరారు. టికెట్లు, హోటలు అన్నీ చక్కగా కుదుర్చుకున్నారు. జిద్దాలో దిగాక ఇహ్రామ్ ధరిద్దామనుకున్నారు! విమానం జిద్దా చేరక ముందే మీఖాత్ దాటుతుంది. ఉమ్రా నియ్యత్‌తో వెళ్ళేవారు ఇహ్రామ్ లేకుండా దాన్ని దాటితే, తిరిగి మీఖాత్‌కు వెళ్ళి ఇహ్రామ్ కట్టుకోవాలి, లేకుంటే దమ్ ఇవ్వాలి. పొదుపు చేసిన సొమ్ములో కొంత అలా పోయింది. సొమ్ము కంటే వారి మనసుకు కలిగిన బాధ ఎక్కువ.

కనుక మేము ముందుగా అడిగేది ఖర్చు గురించి కాదు. మీలో మసాయిల్ తెలిసినవారు ఎవరు? పెద్దల చేయి పట్టుకుని నడిపించేవారు ఎవరు? ఈ రెంటికీ ఇంటిలోనే జవాబు ఉంటే స్వయంగా వెళ్ళండి. సఫా మర్వాల మధ్య సయీ ఒక్కటే సుమారు 3 కిలోమీటర్ల నడక. పై అంతస్తులో తవాఫ్ చేస్తే నడక ఎన్నో రెట్లు పెరుగుతుంది. చక్రాల కుర్చీలు దొరుకుతాయి, అద్దెకు తోసేవారూ దొరుకుతారు. కానీ ఆ జనసమ్మర్దంలో వాటిని వెతికి కుదిర్చేందుకు ఓపిక గల మనిషి కావాలి. అటువంటి కొడుకో అల్లుడో వెంట ఉంటే, స్వయంగా వెళ్ళడంలోని మేలు నిజంగా గొప్పది. మదీనాలో మూడు రోజులు కాగానే బస్సు ఎక్కమని ఎవరూ తొందరపెట్టరు. అలసిన రోజున విశ్రాంతి తీసుకోవచ్చు. 2018లో ప్రారంభమైన హరమైన్ రైలు రెండు పవిత్ర నగరాల మధ్య దూరాన్ని రెండున్నర గంటలకు కాస్త అటూ ఇటూగా దాటిస్తుంది. బస్సులో అయితే ఐదారు గంటలు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దలకు ఇది చిన్న విషయం కాదు. అయితే ఒక్క మాట. బస్సు జుల్‌హులైఫా మీఖాత్ వద్ద ఆగుతుంది, రైలు ఆగదు. రైలులో మక్కాకు వెళ్ళేవారు మదీనాలోని బసలోనే గుస్ల్ చేసి, ఇహ్రామ్ ధరించి, నియ్యత్, తల్బియా పలికి బయలుదేరాలి.

అటువంటి తోడు లేనివారు, తొలిసారి వెళ్ళే వృద్ధులు ఖాఫిలాతో వెళ్ళడమే మేలని మా అభిప్రాయం. కానీ కరపత్రం మీది కాబా చిత్రం చూసి సొమ్ము కట్టకండి. వెంట వచ్చే ఆలిమ్ ఎవరు, ఆయన మక్కాలో మన హోటల్లోనే ఉంటారా, ఎంతమందికి ఒక సేవకుడు, స్త్రీలకు మసాయిల్ చెప్పే ఆలిమా ఉన్నారా అని అడగండి. "హరమ్‌కు 500 మీటర్లు" అంటే ఎక్కడి వరకు? బయటి ఆవరణ వరకా, మతాఫ్ వరకా? అజ్యాద్ వైపు దారులు ఎత్తుపల్లాలు. అజీజియాలో బస అయితే రోజూ బస్సుపై ఆధారపడాలి. జుమా వేళ హరమ్ సమీపంలో వాహనాలను ఆపివేస్తారు. గదికి ఎంతమంది? మస్జిదె నబవీలో రౌజా సందర్శనకు నుసుక్ యాప్ ద్వారా ముందస్తు అనుమతి తీసుకోవాలి, పురుషులకు, స్త్రీలకు వేరు వేరు సమయాలు. ఆ బాధ్యత ఎవరిది? హోటల్ పేరు, తిరుగు టికెట్టు వివరాలు రశీదుపై రాయించుకోండి. నోటి మాటతో సరిపెట్టేవారు, రాతలో ఇవ్వడానికి తటపటాయించేవారు ఎంత దగ్గరి బంధువులైనా, ఎంత పొడవు గడ్డం ఉన్నవారైనా సరే, దూరంగా ఉండండి. రుణం గురించిన ఖుర్ఆన్ వాక్యం అంత వివరంగా రాతపూర్వక ఒప్పందాన్ని ఎందుకు కోరిందో ఆలోచించండి.

స్త్రీల విషయం వేరుగా చెప్పవలసి ఉంది. మహ్రమ్ లేకున్నా సౌదీ ప్రభుత్వం నేడు వీసా ఇస్తున్నది. వీసా దొరకడం వేరు, షరీఅత్ అనుమతి వేరు. హనఫీ ఉలమాల దృష్టిలో సుమారు 48 మైళ్ళకు మించిన ప్రయాణానికి మహ్రమ్ గానీ భర్త గానీ తోడుండాలి. బృందంలో స్త్రీలు ఎంతమంది ఉన్నా ఆ షరతు తొలగదు. విశ్వసనీయమైన స్త్రీల బృందంతో విధిగా చేయవలసిన హజ్‌కు వెళ్ళవచ్చని షాఫిఈ ఉలమాలు అన్నారు. ఉమ్రా గురించి వారి వద్ద కూడా చర్చ ఉన్నది. మీ మస్లక్‌కు చెందిన ముఫ్తీని అడిగి నడుచుకోండి. పరాయి పురుషుణ్ణి కాగితంపై మహ్రమ్‌గా చూపే అలవాటును మాత్రం మేము తీవ్రంగా ఖండిస్తున్నాము. అల్లాహ్ గృహానికి అబద్ధంతో బయలుదేరడమా?

ఏ దారిన వెళ్ళినా, బయలుదేరే ముందు నెల రోజులు ఇంటిల్లిపాదీ రోజుకు ఒక మస్‌అలా చొప్పున నేర్చుకోండి. నేల మీద ఒక పీట పెట్టి పిల్లలతో తవాఫ్ అభ్యాసం చేయించిన ఇల్లు మా వీధిలోనే ఉంది. అక్కడికి వెళ్ళాక ఆ పిల్లలే నానమ్మకు ఎన్నో చుట్టో గుర్తు చేశారట. ఇక హోటల్ పేరు, ఫోను నంబరు అరబీలోనూ తెలుగులోనూ రాసిన కాగితాన్ని ప్రతి ఒక్కరి మెడలో వేయండి. కలిసి వెళ్ళిన జంటలో ఒక్కరి దగ్గరే ఫోను ఉండకుండా చూడండి. విడిపోతే కలుసుకునే ద్వారం సంఖ్యను తవాఫ్ మొదలు పెట్టక ముందే చెప్పుకోండి.