యాంత్రిక హృదయ కవాటం

యాంత్రిక హృదయ కవాటం అనగా వ్యాధి వలన చెడిపోయిన గుండె కవాటం స్థానంలో శస్త్రచికిత్స ద్వారా అమర్చే కృత్రిమ పరికరం. దీనిని లోహం, కర్బనం, ప్లాస్టిక్ వంటి పదార్థాలతో తయారు చేస్తారు. జంతు కణజాలంతో చేసే జైవిక కవాటాల కంటె ఇది ఎక్కువ కాలం మన్నుతుంది. అయితే దీనిని అమర్చుకున్నవారు రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మందు వాడవలసి ఉంటుంది.

గుండె కవాటాల పని

మానవుని గుండెలో రెండు కర్ణికలు, రెండు జఠరికలు, నాలుగు కవాటాలు ఉంటాయి. కర్ణికలకు, జఠరికలకు నడుమ కుడివైపున త్రిపత్ర కవాటం, ఎడమవైపున ద్విపత్ర కవాటం ఉంటాయి. జఠరికల నుండి రక్తం బయటకు పోయే దారులలో పుపుస ధమని కవాటం, బృహద్ధమని కవాటం ఉంటాయి. వీటికి ఇరువైపులా ఉండే రక్తపీడనంలోని తేడాయే వీటిని తెరుస్తుంది, మూస్తుంది. వ్యవసాయ బావిలో పైపు అడుగున బిగించే ఫుట్‌వాల్వు పనిచేసే సూత్రం కూడా ఇదే.

నిమిషానికి 72 సార్లు చొప్పున గుండె రోజుకు లక్షకు పైగా, పదేళ్ళలో సుమారు 38 కోట్ల సార్లు కొట్టుకుంటుంది. కృత్రిమ కవాటం అన్ని దెబ్బలకు తట్టుకోవాలి, రక్తకణాలను నలపరాదు, తన మీద రక్తం గడ్డకట్టనీయరాదు.

కవాటాలు చెడిపోవడానికి కారణాలు

కవాటం సరిగా తెరుచుకోక ఇరుకు కావచ్చు, లేదా సరిగా మూసుకోక రక్తం వెనుకకు కారవచ్చు. భారతదేశంలో యువతీయువకులలో దీనికి ముఖ్య కారణం కీళ్ళవాతపు జ్వరం. ఇది ఎక్కువగా 5 నుండి 15 ఏళ్ళ పిల్లలకు, స్ట్రెప్టోకోకస్ బాక్టీరియా వలన గొంతునొప్పి వచ్చిన తరువాత వస్తుంది. గొంతునొప్పికి సకాలంలో వైద్యం చేయించడం, జ్వరం వచ్చినవారికి క్రమం తప్పక పెన్సిలిన్ ఇంజక్షన్లు ఇప్పించడం ద్వారా కవాటాలను చాలావరకు కాపాడవచ్చు.

చరిత్ర

1952లో అమెరికా వైద్యుడు ఛార్లెస్ హఫ్‌నాగెల్ ఒక బంతి కవాటాన్ని రోగి బృహద్ధమనిలో అమర్చాడు. 1960లో శస్త్రవైద్యుడు ఆల్బర్ట్ స్టార్, ఇంజనీరు లోవెల్ ఎడ్వర్డ్స్ కలిసి రూపొందించిన పంజరపు బంతి కవాటాన్ని ద్విపత్ర కవాటం స్థానంలోనే అమర్చారు. 1969లో ఒరిగే బిళ్ళ గల బ్యోర్క్-షైలీ కవాటం వచ్చింది. దీని తరువాతి నమూనా ఒకదానిలో బిళ్ళను పట్టి ఉంచే కమ్మీలు విరిగి కొందరు రోగులు మరణించారు. ఆ నమూనాను 1986లో మార్కెట్ నుండి ఉపసంహరించారు. 1977లో వచ్చిన సెయింట్ జూడ్ కవాటంలో కర్బనంతో చేసిన రెండు అర్ధవృత్తాకారపు రేకులు ఉంటాయి. నేడు ఎక్కువగా వాడేది ఈ రెండు రేకుల తరహాయే.

చిత్ర కవాటం

విదేశీ కవాటాల ధర భారతీయ రోగులలో అధికులకు అందనిది. అందువలన తిరువనంతపురంలోని శ్రీ చిత్ర తిరునాళ్ వైద్య విజ్ఞాన సాంకేతిక సంస్థలో డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ నాయకత్వంలో స్వదేశీ కవాటంపై పరిశోధన జరిగింది. మొదటి మూడు నమూనాలు విఫలమయ్యాయి. నీలమణి స్ఫటికంతో చేసిన బిళ్ళ కూడా జంతువులపై చేసిన పరీక్షలో పగిలిపోయింది. చివరకు కోబాల్టు మిశ్రలోహపు చట్రం, గట్టి పాలిథిలిన్ బిళ్ళ గల నాలుగవ నమూనా నిలిచింది. దానిని 1990 డిసెంబరు 6న తొలిసారిగా ఒక రోగికి అమర్చారు. తరువాత టి.టి.కె. సంస్థ దీనిని ఉత్పత్తి చేసి విక్రయించింది. లక్షకు పైగా రోగులకు ఈ కవాటాన్ని అమర్చారు. వలియత్తాన్‌కు 2005లో పద్మవిభూషణ్ లభించింది. ఆయన 2024లో మరణించారు.

శస్త్రచికిత్స తరువాత జాగ్రత్తలు

లోహానికి రక్తనాళపు లోపొర వంటి రక్షణ లేదు. కాబట్టి దానిపై రక్తం గడ్డకట్టి కవాటం బిగుసుకుపోవచ్చు, లేదా ఆ గడ్డ మెదడుకు చేరి పక్షవాతం రావచ్చు. దీనిని నివారించడానికి వార్ఫరిన్ లేదా అసినోకౌమరాల్ ఇస్తారు. మోతాదు తగ్గితే రక్తం గడ్డకడుతుంది, పెరిగితే రక్తస్రావం అవుతుంది. అందుకే ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష తరచుగా చేయించుకోవాలి. ఆరోగ్యవంతులలో ఈ విలువ సుమారు 1. కవాటం అమర్చినవారిలో సాధారణంగా 2 నుండి 3.5 మధ్య, వైద్యుడు నిర్ణయించిన హద్దులో ఉండాలి.

* తోటకూర, గోంగూర, మునగాకు వంటి ఆకుకూరలలో ఉండే విటమిన్ 'కె' ఈ మందుకు విరుగుడుగా పనిచేస్తుంది. ఆకుకూరలు మానవలసిన పని లేదు. ప్రతివారం ఇంచుమించు ఒకే పరిమాణంలో తినాలి.
* నొప్పి మాత్రలు, నాటు మందులు వైద్యుని అడగకుండా వాడరాదు.
* పన్ను తీయించుకునే ముందు కవాటం సంగతి దంతవైద్యునికి చెప్పాలి.
* వార్ఫరిన్ గర్భస్థ శిశువుకు హాని చేయవచ్చు. కనుక స్త్రీలు గర్భం దాల్చకముందే వైద్యుని సంప్రదించాలి.
* కవాటపు టిక్‌టిక్ శబ్దం మందగించినా, ఆయాసం పెరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

తెలుగు రాష్ట్రాలలో

2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రారంభమైన ఆరోగ్యశ్రీ పథకం వలన పేదలకు కవాట మార్పిడి శస్త్రచికిత్స ఉచితంగా లభించసాగింది. జగిత్యాల జిల్లాలోని బీర్‌పూర్, కోరుట్ల వంటి చోట్ల నుండి రోగులు హైదరాబాదుకు వెళ్ళి ఈ చికిత్స చేయించుకున్నా, ఆ తరువాత మాత్రలు, రక్తపరీక్షలు సొంత ఊరిలోనే సాగాలి. జగిత్యాలలో 2022లో, సిరిసిల్లలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. శస్త్రచికిత్స ఒక్క రోజులో ముగుస్తుంది. కవాటం ఎంతకాలం కాపాడుతుందనేది ఆ తరువాత మాత్ర, రక్తపరీక్ష క్రమం తప్పకుండా ఉండటంపై ఆధారపడి ఉంటుంది.