ప్రతిలేఖకుని కన్ను

పురావస్తు శాస్త్రజ్ఞుడనగానే మనకు గునపము, తాపీ, జల్లెడ స్ఫురించును. గుహాచిత్రములను పరిశీలించువాని చేతిలో నుండవలసినవి మాత్రము కాగితమును పెన్సిలును. ఛాయాచిత్రకళ చీకటిగుహలలో ఇంకను తడబడుచున్న కాలమున, గోడను పఠించుటయనగా దానిపై రేఖలను తిరిగి తన చేతితో గీయుటయే. ఆ విద్యలో ఇరువదవ శతాబ్ది పూర్వార్ధమున అగ్రగణ్యుడైనవాడు ఫ్రెంచి మతాచార్యుడు ఆన్రీ బ్రోయ్ (1877–1961). 1900లో పురోహితదీక్ష గైకొనియు ఆయన యే పల్లె చర్చి భారమును వహింపక, జీవితమును గుహలకే అర్పించెను.

ఆయన యౌవనము నాటికి యూరపు పండితులు ఒక వివాదమున చిక్కుకొనియుండిరి. 1879లో ఉత్తర స్పెయినునందలి ఆల్తమీరా గుహలో సౌతువోలా అను కులీనుడు నేల త్రవ్వి రాతి పనిముట్లను వెదకుచుండగా, ఆయన చిన్నారి కుమార్తె మరియా తల యెత్తి, కప్పుపై ఎఱ్ఱని బైసను మృగములను చూచెను. ఇవి ప్రాచీన శిలాయుగమునాటివని తండ్రి ప్రకటింపగా, అంతటి కౌశలము ఆదిమానవున కెక్కడిదని కార్తయాక్ ప్రభృతి పండితులు కొట్టివేసిరి. కూటసృష్టి యను అపవాదు తొలగకుండగనే సౌతువోలా 1888లో గతించెను. పిమ్మట ఫ్రాన్సు గుహలే సాక్ష్యమిచ్చినవి. కొన్నిచోట్ల ప్రాచీన పనిముట్లతో కూడిన మట్టిపొరలు చిత్రములను కప్పియుండెను. పొరకంటె చిత్రము ముందుదై యుండవలెను గదా! మఱికొన్నిచోట్ల సున్నపునీరు ఊరి గీతలపై గట్టిగా పేరుకొనియుండెను. ఏనాడో అంతరించిన మామత్ ఏనుగులు సైతము గోడలపై కనబడెను. 1901లో కొంబరెల్, ఫోన్-ద-గోమ్ గుహలను పరిశోధించిన మువ్వురిలో బ్రోయ్ ఒకడు. మరుసటి యేడు కార్తయాక్ తన సంశయము తప్పని బహిరంగముగా వ్రాసి, బ్రోయ్‌ను వెంటబెట్టుకొని ఆల్తమీరాకు పోయెను. పండితలోకమున ఇట్టి ఒప్పుదల తఱచుగా కనబడునది కాదు.

అచ్చట కప్పు తక్కువ యెత్తున నుండుటచే, గడ్డి కూరిన గోతాలపై వెల్లకిల పరుండి, కొవ్వొత్తుల వెలుగున బ్రోయ్ గంటల తరబడి గీసెను. తేమవలన నీటిరంగులు ఆరకపోగా, అలవాటులేని పాస్టెల్ సుద్దలను పట్టవలసివచ్చెను. కాగితము నద్ది గీయుదమన్న, ఆదిమవర్ణము దానికి అంటుకొని వచ్చును. కావున కొలతలు తీసి, కంటితో చూచి వ్రాయుటయే శరణ్యమయ్యెను.

ఇట్లు అసంఖ్యాకములైన రేఖలు చేతి మీదుగా సాగిన పిదప, ఏ చిత్రముపై ఏ చిత్రము పడినదో గుర్తించుట ఆయనకు సహజమయ్యెను. ఆ పొరల క్రమమునుండియే ఆయన కాలనిర్ణయమునకు పూనుకొనెను. ప్రక్కనుండి గీసిన దేహమునకు ఎదుటనుండి చూచినట్లు కొమ్ములు పెట్టిన చిత్రము పాతదనియు, కళ రెండు ఆవృత్తములుగా మొరటుతనమునుండి పరిణతికి నడచెననియు ఆయన సిద్ధాంతము. అయితే 1994లో దొరకిన షోవే గుహలో, బొగ్గుగీతలలోని రేడియో కార్బన్‌ను కొలువగా, అద్భుతములైన ఆ మృగచిత్రములు కొన్ని ముప్పదివేల యేండ్లకు పైబడినవని తేలెను. ఆల్తమీరా బైసనులకు ఎన్నో వేలయేండ్ల ముందే పరిణతకళ యుండెనన్నచో, ఆ సోపానక్రమ మెట్లు నిలుచును?

నాకు ఇంతకంటె ఆలోచింపదగినదిగా తోచునది, ప్రతిలేఖకుని కన్ను తెలియకయే వ్యాఖ్యాత యగుట. 1914లో కనుగొనబడిన త్రోయ్-ఫ్రేర్ గుహలో కొంత చెక్కి, కొంత నల్లరంగున గీసిన ఒక ఆకృతి కలదు. బ్రోయ్ ప్రతిలో దానికి దుప్పికొమ్ములును, గుండ్రని కన్నులును, తోకయు స్పష్టముగా నుండుటచే, అది మాంత్రికుని రూపమని లోకము నమ్మెను. ఛాయాచిత్రములలో ఆ కొమ్ములు అంత స్ఫుటముగా తోపవు. సన్నగా చెక్కిన గీత ప్రక్కవెలుగున తప్ప కనబడదని ఆయన పక్షమువా రందురు. అది త్రోసివేయదగిన వాదము కాదు.

నమీబియాలోని బ్రాండ్‌బర్గ్ పర్వతచిత్రము విషయమున మాత్రము ఆయనను సమర్థించుట కష్టము. నడుము క్రింద తెల్లరంగు పూసిన ఒక ఆకృతిని చూచి, క్రీటు దీవి చిత్రములతో పోల్చి, మధ్యధరా తీరమునుండి వచ్చిన యువతియని ఆయన నిర్ణయించి, ‘శ్వేతవనిత’ యని ప్రసిద్ధి కలిగించెను. ఆఫ్రికావాసుల కళకు పరదేశమూలము వెదకిన ఆ చూపు, ఒకనాడు ఆల్తమీరాను నిరాకరించిన పండితుల చూపునకు ఎంతయో దూరమైనది కాదు. ఆ ఆకృతి స్త్రీది కాదనియు, దానిని గీసినవారు స్థానికులే యనియు పిమ్మటి పరిశోధకులు తేల్చిరి. అయినను యాత్రికులు నేటికిని ‘శ్వేతవనిత’ను చూచుటకే ఆ పర్వతపు లోయ వెంట నడచి పోవుచున్నారు.