బియ్యము నిండుకున్న యిల్లు

“ఇంట్లో బియ్యం నిండుకున్నాయి” అని గృహిణి యనినచో, గాదెలు నిండినవని తెలుగువారెవ్వరును భ్రమపడరు. లేదను మాట ఇంట పలుకరాదని పెద్దలు దానిని నిండుమాటగా మార్చిరి. దీపము ఆరినదనరు, కొండెక్కినదందురు. గాజు పగిలినదనరు, పెరిగినదందురు.

ఇది అందరెరిగినదే కదా యని తోచవచ్చును. కాని నేడు జనజీవనమును పరిశోధించువారు పలువురు ఇల్లిల్లు తిరుగుటకు మారుగా ఫోనులోనే ప్రశ్నలు పంపి, వ్రాతగా వచ్చిన జవాబులను పోగుచేయుచున్నారు. ఎదుట మనిషి ఉండదు. ఆమె ముఖము, కంఠస్వరము, వంటింటి మూలనున్న ఖాళీ డబ్బా కానరావు. మిగులునది అక్షరమొక్కటే. కరవునాట తిండిగింజలను గూర్చి అడిగినపుడు వచ్చిన పై వాక్యమును, ఆ పలుకుబడి యెరుగని పరిశోధకుడు మాటకు మాటగా గ్రహించెననుకొందము. పస్తున్న యిల్లు అతని పట్టికలో కలిగినయిండ్ల వరుసకు చేరును. ఆ పట్టికను చూచియే సాయము పంచినచో, ఆ యింటికి గింజయైన రాదు.

పైగా మనవారు పెక్కుమంది ఫోనులో తెలుగును రోమను లిపిలో వ్రాయుచున్నారు. అందు హ్రస్వదీర్ఘములకు దిక్కులేదు. కలమునకును కాలమునకును తరచు ఒకటే వేషము. (ఛందస్సు చెప్పు పండితులు చూచినచో ఏమందురో!) ప్రాంతభేదము వేరొక చిక్కు. కోస్తా జిల్లాలలో చాలచోట్ల “బువ్వ” పసివారి ముద్దుమాట. తెలంగాణ, రాయలసీమ పల్లెలలో పెద్దలు తినునదియు బువ్వయే. ఇది యెరుగనివాడు పెద్దల ఆకలిని పిల్లల ఖాతాలో వ్రాయును. ఇక “చూద్దాం” అను మాట ఒకరి నోట ఒప్పుదల, మరొకరి నోట మర్యాదగల నిరాకరణము.

ఇట్టి పనికి మంచి మాదిరి మనకు లేకపోలేదు. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 1962లో ప్రకటించిన మాండలిక వృత్తిపదకోశము తొలి సంపుటమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు వ్యవసాయపదములను కూర్చిరి. రైతుల నోట విన్న మాటను ఊరూపేరూ లేనిదానిగా విడువక, అది ఏ ప్రాంతపుదో తోడుగా చూపిరి.

ఫోను పట్టిన పరిశోధకుడును జవాబు ప్రక్కన ఆ మనిషి ప్రాంతమును, వయస్సును, తానడిగిన ప్రశ్నను గుర్తుంచుకొనవచ్చును. సందేహమైనచోట మరల అడుగవచ్చును. బియ్యము నిండుకున్నవని వ్రాసిన తల్లికి, “ఈ పూట ఏమి వండారమ్మా?” అని ఇంకొక్క ప్రశ్న పంపుటకు అరనిమిషము పట్టదు.