రూ. 1,500కి ప్యానెల్ పెయింట్: డబ్బు మిగిలినట్టా, పోయినట్టా?

ఈ రోజు ఎపిసోడ్‌కి కారణం మా నాన్న కారు. 2014 మోడల్ వ్యాగన్‌ఆర్, తెల్ల రంగు. నాన్న డ్రైవింగ్ మానేశాక అది నా దగ్గరికి వచ్చింది. మణికొండలో ఉండేవాళ్లకి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మన గల్లీల్లో ఒక పక్క వాటర్ ట్యాంకర్, ఇంకో పక్క పార్క్ చేసిన బైకులు, మధ్యలో మనం. ఒకరోజు సాయంత్రం మర్రిచెట్టు దగ్గర ట్రాఫిక్‌లో ఒక ఆటో నా ఎడమ వెనక డోర్‌ని గీసుకుంటూ పోయింది. పెయింట్ లేచిపోయి రేకు కనబడింది, చిన్న సొట్ట కూడా పడింది.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో అడిగితే డోర్ ఒక్కదానికే 5,200 అన్నారు. మల్టీబ్రాండ్ వర్క్‌షాప్‌లో 3,200. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, బయట చేత్తో రాసిన "డెంటింగ్, పెయింటింగ్" బోర్డు, అక్కడ 1,500. నేనేం చేసి ఉంటానో మీకు అర్థమైపోయింది కదా. పనిలో పని, ముందు బంపర్ మూల గీతలు పడి ఉంటే అదీ చేయించా, ఇంకో 1,200.

తీసుకున్న రోజు రెండూ అద్దంలా మెరిశాయి. ఫోటో తీసి నాన్నకి పంపా. రెండో వానాకాలం వచ్చేసరికి డోర్ కింది అంచున అన్నం మెతుకులంత పొక్కులు లేచాయి. గోరు పెడితే పెంకులా ఊడింది, లోపల తుప్పు. పైగా డోర్ తెలుపు కాస్తా పసుపుకి తిరిగింది. కానీ బంపర్ మాత్రం ఇప్పటికీ బాగానే ఉంది!

అదే షెడ్డు, అదే మనిషి, అదే గన్, ఒకటే రోజు. ఒకటి పాడైంది, ఒకటి నిలబడింది. ఎందుకు? ఈ ప్రశ్నకి సమాధానం దొరికితే చీప్ పెయింట్ షాప్ ఎప్పుడు లాభమో, ఎప్పుడు నష్టమో తెలిసిపోతుంది. అందుకే దీని వెంట పడ్డా.

అసలు కారు మీద ఏముంటుంది?

ఫ్యాక్టరీలో కారు బాడీ మొత్తాన్ని ముందు ఒక ట్యాంకులో ముంచుతారు. కరెంటు పంపి, రేకు మీద ప్రతి మూలకీ ఒక పొర పట్టేలా చేస్తారు. దాన్ని ఈ-కోట్ అంటారు, సుమారు 20 మైక్రాన్లు. తుప్పుని ఆపేది ముఖ్యంగా ఇదే. దాని మీద ప్రైమర్, దాని మీద రంగు ఉండే బేస్ కోట్, అన్నిటి కన్నా పైన క్లియర్ కోట్. ఎండలోని యూవీని, గీతల్ని ముందు తట్టుకునేది క్లియర్ కోటే. అన్నీ కలిపితే సుమారు 100 నుంచి 150 మైక్రాన్లు. మన తల వెంట్రుక మందం దాదాపు 70 మైక్రాన్లు అనుకుంటే, మన లక్షల రూపాయల కారుకి కాపలా కాసేది రెండు వెంట్రుకల మందం.

ఈ-కోట్‌ని 160 డిగ్రీలకు పైన ఓవెన్‌లో కాలుస్తారు. అప్పటికి కారులో సీట్లు, వైరింగ్, ప్లాస్టిక్ ఏమీ ఉండవు కాబట్టి కుదురుతుంది. తయారైన కారుని అంత వేడిలో పెట్టలేం. అందుకే ఎంత ఖరీదైన వర్క్‌షాప్ అయినా ఫ్యాక్టరీ పెయింట్‌ని అచ్చంగా తిరిగి తేలేదు. మంచి వర్క్‌షాప్ చేసేదేంటంటే, హార్డెనర్ కలిపే టూ-కే పెయింట్ వాడి, దుమ్ము రాని బూత్‌లో సుమారు 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం. దీన్నే మన దగ్గర పీయూ పెయింట్ అంటారు.

1,500లో ఎక్కడ కోత పడుతుంది?

పొక్కులు వచ్చాక నేను గొడవ పెట్టుకోవాలనే ఆ షెడ్డుకి వెళ్లా. పెయింటర్ అన్న డోర్ చూశాడు, బంపర్ చూశాడు, కూల్‌గా చెప్పాడు: "సార్, మీరు 1,500 అన్నరు. 1,500లో ఏమొస్తదో అదే ఇచ్చిన. ఎపాక్సీ ప్రైమర్ పడలే దాంట్ల. బంపర్ ప్లాస్టిక్ గదా, దానికి తుప్పెట్ల పడ్తది?"

మొత్తం సమాధానం ఇందులోనే ఉంది. కొంచెం విడదీసి చెప్తా.

పెయింటింగ్‌లో గన్ పట్టుకుని కొట్టే పని చివర్లో కాసేపే. అసలు టైమంతా దాని ముందు పనికే. సొట్ట తీయాలి, వాటర్ పేపర్ కొట్టాలి, లప్పం పెట్టాలి, మళ్లీ రుద్దాలి, ప్రైమర్ వేయాలి, అది ఆరాక మళ్లీ రుద్దాలి. డబ్బు తగ్గించమని మనం అడిగితే పెయింటర్ తగ్గించగలిగేది ఇక్కడే, ఎందుకంటే ఇది పైకి కనబడదు.

మొదటి కోత: రేకు మీద ప్రైమర్. లప్పం స్పాంజి లాంటిది, తేమ పీల్చుకుంటుంది. కింద ఎపాక్సీ ప్రైమర్ లేకుండా నేరుగా రేకు మీద లప్పం పెట్టి, నీళ్లు పోసి రుద్ది, పూర్తిగా ఆరకుండానే రంగు కొడితే తేమ లోపలే ఉండిపోతుంది. బయట మెరుపు, లోపల తుప్పు. నా డోర్ కథ ఇదే.

రెండో కోత: మెటీరియల్. పాత మెకానిక్‌లు కారు పెయింట్‌ని ఇప్పటికీ డ్యూకో అంటారు, విన్నారా? అది 1920లలో అమెరికా డ్యూపాంట్ కంపెనీ తెచ్చిన నైట్రోసెల్యులోజ్ పెయింట్ బ్రాండ్ పేరు. అంతకుముందు కారు రంగు ఆరడానికి వారాలు పట్టేది, ఇది గంటల్లో ఆరిపోయేది. అప్పట్లో అది పెద్ద విప్లవం. ఆ రకం ఎన్‌సీ పెయింట్ చవక, బూత్ అక్కర్లేదు, త్వరగా ఆరుతుంది. కానీ ఎండకి పసుపు తిరుగుతుంది, మెరుపు పోతుంది, పెట్రోల్ ఒలికినా మెత్తబడుతుంది. వానాకాలం తేమలో కొడితే పైన తెల్లటి పొగలాంటి పొర కూడా వస్తుంది. మీ కారుకి ఏది వేశారో తెలియాలంటే, కనబడని మూల ఒకటి చూసుకుని, దూదికి కొంచెం థిన్నర్ అద్ది తుడవండి. పైపొర కరిగి దూదికి అంటుకుంటే అది పూర్తిగా గట్టిపడిన టూ-కే కాదు.

మూడో కోత: విప్పడం. హ్యాండిల్, బీడింగ్ విప్పి పెయింట్ చేయాలి. టైమ్ లేకపోతే టేపు, న్యూస్‌పేపర్ అంటించి కొట్టేస్తారు. ఆ టేపు గీత దగ్గరే తర్వాత పెయింట్ లేవడం మొదలవుతుంది.

నా పాత ఉద్యోగం భాషలో చెప్పాలంటే, డెమోలో సూపర్‌గా ఉంటుంది, ప్రొడక్షన్‌లోకి వెళ్లాక పేలుతుంది.

మరి దేనికి వెళ్లొచ్చు, దేనికి వెళ్లొద్దు?

ముందు గోరు టెస్ట్. గీత మీద గోరు అడ్డంగా నడపండి. గోరు తట్టుకోకపోతే దెబ్బ క్లియర్ కోట్‌లోనే ఉన్నట్టు. దానికి పెయింటే అక్కర్లేదు, రబ్బింగ్ కాంపౌండ్, పాలిష్ చాలు. చీప్ షాపే కాదు, ఏ షాప్ అయినా ఇక్కడ పెయింట్ అంటగడితే వద్దనండి.

ప్లాస్టిక్ బంపర్, సాదా రంగు: చీప్ షాప్‌కి ధైర్యంగా వెళ్లొచ్చు. తుప్పు భయం లేదు. ప్లాస్టిక్ ప్రైమర్ వేయమని మాత్రం చెప్పండి, లేకపోతే పొరలు ఊడతాయి. మన మణికొండ, పుప్పాలగూడ పార్కింగ్‌లలో బంపర్ మళ్లీ గీసుకోవడం ఎలాగూ ఖాయం. దానికి 5,000 పెట్టడం నాకైతే అనవసరం.

మెటాలిక్, పర్ల్ రంగులు: జాగ్రత్త. అందులో ఉండే సన్నటి రేకులు గన్ ఒత్తిడిని బట్టి, దూరాన్ని బట్టి వేరే వేరేగా పడుకుంటాయి. కోడ్ కరెక్ట్ అయినా షేడ్ తేడా వస్తుంది. పక్క ప్యానెల్‌లోకి కలిపి కొట్టే చెయ్యి ఉన్నవాళ్ల దగ్గరికే వెళ్లండి.

రేకు కనబడేంత దెబ్బ: డోర్, ఫెండర్, బానెట్ ఏదైనా సరే, ఇక్కడ పిసినారితనం వద్దు. ఆలస్యం అసలే వద్దు.

ఫుల్ బాడీ: నా కారుకే షెడ్డులో 28,000 చెప్పారు. అమెరికాలో ఎర్ల్ షైబ్ అనే ఆయన 1937లో లాస్ ఏంజెలిస్‌లో ఇలాంటి షాప్ మొదలుపెట్టి, ఏ కారుకైనా ఏ రంగైనా 29.95 డాలర్లకే వేస్తానని టీవీ యాడ్స్‌తో దేశమంతా ఫేమస్ అయ్యాడు. ఆ చెయిన్ 2010 దాకా నడిచింది. అంటే చీప్ పెయింట్ మోసం కాదు, దాని పని దానికి ఉంది: పాత బండిని ఇంకో రెండేళ్లు చూడ్డానికి నీట్‌గా ఉంచడం. కానీ అమ్మే ముందు ధర పెరుగుతుందని మాత్రం చేయించకండి. సెకండ్ హ్యాండ్ కార్లు చెక్ చేసేవాళ్ల దగ్గర పెయింట్ మందం కొలిచే మీటర్ ఉంటుంది. 120 ఉండాల్సిన చోట 400 చూపిస్తే, బండికి యాక్సిడెంట్ అయిందా అని అడిగి రేటు తగ్గిస్తారు. మీరే కొంటున్నట్టయితే మెత్తటి గుడ్డలో చిన్న అయస్కాంతం చుట్టి బాడీ మీద తిప్పండి. స్టీల్ ప్యానెల్ మీద ఒక్కచోట పట్టు తగ్గితే అక్కడ లప్పం గట్టిగా ఉందని అర్థం. ఇక రంగే మార్చేస్తే ఆర్‌సీలో కూడా మార్పించాలి, మర్చిపోకండి.

ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారా?

లెక్క చూద్దాం. మా ఫ్రెండ్ కారుకి మూడేళ్లు క్లెయిమ్ లేదు, నో క్లెయిమ్ బోనస్ 35 శాతం. బోనస్ తీయకముందు ఓన్ డ్యామేజ్ ప్రీమియం సుమారు 8,000. పెయింట్ బిల్లు 10,000 వచ్చింది అనుకోండి. 1500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా మనం కట్టేది 1,000. జీరో డెప్ లేకపోతే, పెయింట్ బిల్లులో 25 శాతం మెటీరియల్‌గా లెక్కేసి అందులో సగం కోస్తారు, అంటే 1,250. క్లెయిమ్ చేస్తే బోనస్ సున్నా. వచ్చే ఏడాది రావాల్సిన 45 శాతం పోతుంది, 3,600. ఆ పై ఏడాది 50 రావాల్సిన చోట 20 వస్తుంది, ఇంకో 2,400. మొత్తం 8,250 మన జేబులోంచే. 10,000 బిల్లుకి రెండేళ్లలో మిగిలింది 1,750! చిన్న పనికి క్లెయిమ్ చేసే ముందు ఈ లెక్క మీ ప్రీమియంతో ఒకసారి వేసుకోండి. బోనస్ కాపాడే యాడ్-ఆన్ ఉంటే లెక్క మారుతుంది.

షెడ్డులోనే మంచి పని చేయించుకోవడం ఎలా?

నా డోర్ మళ్లీ ఆ అన్న చేతే చేయించా. ఈసారి రేటు బేరం ఆడలేదు, పని బేరం ఆడా. కలర్ కోడ్ కారు మీదే స్టిక్కర్‌లో ఉంటుంది, మారుతీ సుపీరియర్ వైట్ అయితే 26యూ. ఆ కోడ్‌తో పెయింట్ కలిపించా. ఎపాక్సీ ప్రైమర్, టూ-కే క్లియర్, హార్డెనర్ సీల్ తీయని డబ్బాలు నేనే కొన్నా. మెటీరియల్ 1,900. తుప్పు గీకి, హ్యాండిల్ విప్పి చేసినందుకు కూలీ 2,400. వాన లేని వారం చూసుకుని, తొందర లేదని చెప్పి మూడు రోజులు వదిలేశా. ప్రైమర్ దశలో ఒకసారి వెళ్లి చూశా, ఫోటో తీసుకున్నా.

అంటే మొత్తం 4,300. మొదటి 1,500 కలిపితే 5,800. సర్వీస్ సెంటర్ చెప్పిన దానికన్నా 600 ఎక్కువ! మొదటిసారే ఇలా చేయించి ఉంటే చాలా మిగిలేది. ఇప్పటికి ఒక్క వానాకాలమే గడిచింది, పొక్కు రాలేదు. గెలిచానని అప్పుడే చెప్పను.

చివరిగా ఒక మాట. టూ-కే హార్డెనర్‌లో ఐసోసైనేట్‌లు ఉంటాయి. ఆ పొగమంచు పీలిస్తే జీవితాంతం వదలని ఆస్తమా రావచ్చు. మంచి వర్క్‌షాప్‌లో పెయింటర్‌కి బయటి గాలి పైపుతో వచ్చే మాస్క్ ఇస్తారు. మా అన్న మూతికి కట్టుకున్నది దస్తీ. ఏళ్ల తరబడి అదే దస్తీ. సర్వీస్ సెంటర్ 5,200లో బూత్, ఫ్యాన్లు, మాస్క్ ఖర్చు కూడా ఉంది. 1,500లో అవేవీ లేవు, కాబట్టి ఆ ఖర్చు ఆయన ఊపిరితిత్తులు కడుతున్నాయి. నేను రెండు క్యాట్రిడ్జ్‌లు ఉన్న మాస్క్ ఒకటి కొని ఇచ్చా. గాలి పైపు మాస్క్‌కి అది సాటి రాదు, కానీ దస్తీ కన్నా చాలా నయం. ఆయన నవ్వి, "ఇది పెట్టుకుంటే కస్టమర్లు రేటెక్కువ అనుకుంటరు సార్" అన్నాడు.

అనుకోనివ్వండి. ఈసారి మీరు అలాంటి షెడ్డుకి వెళ్తే 500 తగ్గించమని కాదు, 500 ఎక్కువ ఇస్తా, ప్రైమర్ వెయ్యి, మాస్క్ పెట్టుకో అన్నా అని అడిగి చూడండి. మీ కారుకీ మంచిదే, ఆయనకీ మంచిదే. ఉంటా మరి, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.