మీకు తెలుసా? నల్లకోటు చుట్టూ ఎన్ని వింతలో!

అడ్వకేటుగా పేరు నమోదు చేసుకోవడానికి బార్ కౌన్సిల్‌కు కట్టాల్సిన ఫీజెంతో తెలుసా? అక్షరాలా 750 రూపాయలు! ఎస్సీ, ఎస్టీలకు ఇంకా తక్కువ! కొన్ని రాష్ట్రాల్లో ఏవేవో పేర్లు చెప్పి వేలకు వేలు గుంజేవారు. చట్టంలో రాసినదానికి మించి తీసుకోకూడదని 2024 జులై 30న సుప్రీంకోర్టు తేల్చేసింది. స్టాంపు డ్యూటీ ఉంటే అది వేరు. కూలిపనితో కొడుకుని లా చదివించిన తల్లికి ఇది ఎంత పెద్ద ఊరటో ఊహించండి! ఈ మాట మీ క్లాసులో అందరికీ చెప్పండి!

నలభై దాటాక లా చదవాలనిపించిందా? నిక్షేపంగా చదవొచ్చు! మన లాసెట్‌కు గరిష్ఠ వయోపరిమితే లేదు! ప్రశ్నపత్రం తెలుగులోనూ ఉంటుంది. 120 ప్రశ్నలు, గంటన్నర సమయం. అంతే!

2019లో రాజస్థాన్‌లో ఓ కుర్రాడు జడ్జి పరీక్ష గట్టెక్కాడు. వయసెంతో చెప్పుకోండి? 21! కానీ అలా కాలేజీ నుంచి నేరుగా న్యాయపీఠం ఎక్కే దారి ఇప్పుడు మూతపడింది. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కనీసం మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కోర్టు వాతావరణం తెలియనివాళ్లు తీర్పు చెప్పడం కష్టమే, నాకైతే సబబుగానే తోచింది. కానీ ఆ మూడేళ్లూ ఇల్లు గడిచేదెలా? జూనియర్‌కు చేతికొచ్చేది అంతంతమాత్రమే!

దానికీ ఓ దారుంది, వినండి! న్యాయమూర్తి దగ్గర లా క్లర్కుగా చేసిన కాలాన్నీ ఆ ప్రాక్టీసులో కలుపుతారు! సుప్రీంకోర్టులో అయితే జీతం బ్రహ్మాండం. 2025 నోటిఫికేషన్‌లో నెలకు 80,000 రూపాయలు! చేసే పని? కేసుల ఫైళ్లు చదివి సారాంశం రాయడం, పాత తీర్పులు వెతికి పెట్టడం. న్యాయమూర్తి ఎలా ఆలోచిస్తారో పక్కనే ఉండి చూడొచ్చు!

ఇది మరీ విచిత్రం! పేటెంట్ ఏజెంట్ కావడానికి లా డిగ్రీ అక్కర్లేదు! సైన్సో, ఇంజినీరింగో, టెక్నాలజీయో చదివి, 21 ఏళ్లు నిండి, పేటెంట్ ఆఫీసు పరీక్ష పాసైతే చాలు. ఒట్టి బీఏ, ఎల్‌ఎల్‌బీ చేసినవాళ్లకు ఆ పరీక్ష రాసే వీలే లేదు! బీఫార్మసీ చేసి లా వైపు వచ్చారా? మందుల కంపెనీలకు నెలవైన హైదరాబాద్‌లో మీలాంటివాళ్లకే గిరాకీ!

లా చదివి సైన్యంలో అధికారి కావొచ్చని తెలుసా? ఆర్మీలో జాగ్ అనే న్యాయవిభాగం ఉంది! క్లాట్ పీజీ స్కోరు, ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ దాటాలి. ఆపైన 49 వారాల శిక్షణ! బయటికొచ్చేది లెఫ్టినెంట్‌గా!

సుప్రీంకోర్టులో సొంత పేరుతో కేసు దాఖలు చేసే లాయర్లను ఏఓఆర్ అంటారు. వాళ్ల ఆఫీసు ఎక్కడుండాలో కూడా రూల్సే చెబుతాయి! కోర్టు నుంచి 16 కిలోమీటర్ల లోపే!

లాయరు ప్రకటనలిచ్చి కేసులు పట్టకూడదు! బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 36వ నిబంధన అది. రీల్స్ చేసే కుర్ర లాయర్లూ, కాస్త చూసుకోండి! ఆఖరికి నేమ్‌బోర్డు కూడా మరీ పెద్దదిగా ఉండకూడదు!

ఐపీసీ పోయింది, భారతీయ న్యాయ సంహిత వచ్చింది. 511 సెక్షన్ల చోట 358! హమ్మయ్య, చదివేది తగ్గిందనుకున్నారా? ఆగండి! 2024 జులై 1కి ముందు జరిగిన నేరాలకు ఐపీసీయే వర్తిస్తుంది. ఆ కేసులు ఇంకా నడుస్తున్నాయి. అంటే రెండూ చదవాల్సిందే!

కార్నీలియా సొరాబ్జీ 1892లోనే ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష రాశారు. కానీ మనదేశంలో ఆడవాళ్లు లాయర్లు కావొచ్చని చట్టం వచ్చింది 1923లో! మూడు దశాబ్దాలు! చదువు చేతిలో ఉంది, కోటు వేసుకునే హక్కు లేదు!

మన దుర్గాబాయి దేశ్‌ముఖ్ సంగతి తెలుసా? రాజమండ్రిలో పుట్టిన ఆమెకు 8 ఏళ్లకే పెళ్లి చేశారు! ఆ పెళ్లిని కాదనుకుని, చదువుకుని, మద్రాసులో లాయరయ్యారు. ఆ తర్వాత రాజ్యాంగ సభలో కూర్చుని రాజ్యాంగం రాసినవారిలో ఒకరయ్యారు!

ఇంకొక్కటి! ఫేస్‌బుక్ పోస్టుకు జైల్లో పెట్టించిన ఐటీ చట్టంలోని 66ఏ సెక్షన్ గుర్తుందా? దాన్ని కొట్టేయమని 2012లో సుప్రీంకోర్టుకెళ్లిన శ్రేయా సింఘాల్‌కు అప్పటికింకా లా డిగ్రీయే లేదు! 2015 మార్చి 24న తీర్పొచ్చింది. సెక్షన్ మొత్తం రద్దు! ఆ రోజుకు ఆమె ఢిల్లీ యూనివర్సిటీలో లా చదువుతోంది!