కొహిమా కొండ మీది పేర్లు

యుద్ధచరిత్రలలో సేనానుల పేర్లు నిలుస్తవి. సామాన్య సైనికుడు అంకెలలో కలిసిపోతాడు. అట్లు కలిసిపోయినవారిని మరల పేరుపేరునా తలచే స్థలాలు లోకంలో కొన్ని ఉన్నవి. నాగాలాండులోని కొహిమా కొండ అట్టిది.

1944 మార్చిలో జపాను సేనలు చింద్విను నదిని దాటి మణిపురం, నాగకొండల వైపు నడచినవి. ఇంఫాలులోని సేనకు అన్నమైనా ఆయుధమైనా నేలమార్గాన దిమాపూరు నుండి కొహిమా మీదుగానే రావలెను. ఆ బాటను తెంచుటకై జనరల్ సాటో సుమారు 15,000 మందితో వచ్చి, ఏప్రిల్ మొదటివారంలో కొహిమాను ముట్టడించినాడు. కొండను కాచినవారు, యుద్ధమెరుగని ఉద్యోగులను, సేవకులను కలుపుకొన్నా, సుమారు 2,500 మంది. డిప్యూటీ కమిషనరు బంగళా ఆవరణలో ఒక టెన్నిసు మైదానం ఉండెను. దానికి ఈ అంచున ఒక సేన, ఆ అంచున మరొక సేన. బంతులు ఎగిరిన చోట చేతిబాంబులు ఎగిరినవి. త్రాగునీటిని సైతం కొలిచి పంచుకొన్నారు. రెండు వారాలకు సహాయసేన చేరినది. బాట పూర్తిగా తెరచుకొనుటకు జూన్ 22వ తేదీ వరకు పట్టినది. క్షతగాత్రులను మోసి కొండలు దింపినవారిలో నాగజాతి గ్రామీణులు ఎందరో ఉన్నారు.

నేడు ఆ కొండవాలు మీద 1,420 సమాధులున్నవి. టెన్నిసు మైదానపు గీతలు కూడ అక్కడ చెరగకుండ నిలిపినారు. అక్కడనే మరొక స్మారకంపై 917 మంది హిందూ, సిక్కు సైనికుల పేర్లున్నవి. వారి దేహాలను అగ్నికి అర్పించినారు. కనుక వారికి సమాధులు లేవు, పేర్లే మిగిలినవి.

ఈ యుద్ధం తెలుగువారికి దూరమైనది కాదు. 1942లో రంగూను విడిచి కొండదారుల వెంట నడచివచ్చిన వారిలో తెలుగు కుటుంబాలున్నవి. ఆ ఏడే ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడలపై జపాను బాంబులు పడినవి. పశ్చిమ గోదావరి సీమలోని మాధవరం, తరతరాలుగా బిడ్డలను సైన్యానికి పంపి, 'మిలిటరీ మాధవరం' అని పేరు పొందినది.

వారు పోరాడినది పరాయి ప్రభుత్వం కొరకు కాదా అని విద్యార్థి అడుగవచ్చును. అడుగవలసిన ప్రశ్నయే. ఎదుటిపక్షాన ఆజాద్ హింద్ ఫౌజులో కూడ భారతీయులే ఉన్నారు. 1944 ఏప్రిల్ 14న వారు మొయిరాంగులో త్రివర్ణపతాకం ఎగురవేసినారు. నేడు అక్కడ వారికీ స్మారకం ఉన్నది. ఒకే దేశపు బిడ్డలు రెండు జెండాల క్రింద నిలిచి ఒకే నేలపై ప్రాణాలు విడిచినారు. ఒక జెండా దిగిపోయినది, ఒకటి నిలిచినది. కాని కుమారుని కొరకు వీధివాకిలి చూచిన తల్లి దుఃఖానికి పక్షమేది?

యుద్ధాన్ని పొగడనక్కరలేదు, మృతులను మరువనూ రాదు. ఉపాధ్యాయుడు తరగతిలో ఆ యుద్ధపు తేదీలను చెప్పునప్పుడు, మన ఊరినుండి ఎవరు వెళ్ళినారు, ఎవరు తిరిగిరాలేదు అని ఒక్కమాట అడిగించిన చాలును. పిల్లలు ఇంటింటా విచారించి తెచ్చే ఆ నాలుగు పేర్లతో పాఠ్యపుస్తకంలోని అంకెలు మనుష్యులవుతవి.